రెండేళ్ళు నిండేదాకా

మధ్యలో ఉన్న పసుపు చుక్కనే చూడాలట. పక్కకు చూడకూడదట. చూపు కదపకుండా, చుట్టూ ఎక్కడ చిన్న లైటు మెరిసినా చేతిలో ఉన్న బటన్ నొక్కాలట. "గడ్డం ఇంకొంచెం ముందుకు పెట్టక్కా. ఆ, అట్లా. కదలబాక. రెప్ప కొట్టచ్చు, ఏం కాదు" అంటూ పుష్పకుమారి అనే ఈ ఆసుపత్రి పిల్ల నా ఎడమ కంటికి దూది బిళ్ళ అంటించి గదిలో లైటు ఆర్పేసింది. పోయినసారి మిషన్ అంటే ఏమో అని భయపడ్డాను గానీ, పెద్ద తెల్ల బేసిన్‌ను నిలబెట్టి అందులో మొహం దూర్చినట్టుంది, అంతే. పక్కకు చూడొద్దని చెప్పించుకోవడం నాకేమన్నా కొత్తా? పెళ్ళికి ముందు మా నాన్న చోటే సాహెబ్ చెప్పాడు, పెళ్ళయ్యాక అత్తమ్మ చెప్పింది, బస్సులో చెప్పారు, బజారులో చెప్పారు. ఇన్నాళ్ళకు ఒక మిషన్ కూడా చెప్తోంది. కాకపోతే ఇది చూడొద్దంటూనే కనపడిందా లేదా అని అడుగుతోంది, అదీ చోద్యం. అదుగో, ఎడమ వైపు ఒకటి మెరిసింది. నొక్కాను. కింద ఒకటి. నొక్కాను. భేష్ బీజాన్, జాకెట్లకు హుక్కులు కుట్టే చెయ్యి నీది, బటన్ నొక్కడం ఒక లెక్కా.

ఆ తర్వాత ఏమీ లేదు. తెల్లగా, ఖాళీగా ఉంది. మిషన్ లోపల మాత్రం టిక్కుమంటోంది. కుట్టుమిషన్‌తో ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, మిషన్ల చప్పుడు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? లైటు వెలిగే ముందు లోపల ఏదో జరిగి టిక్కుమంటుంది. అది పట్టేశాను. టిక్కుమంటే నొక్కడమే, కనపడితే ఏమి, కనపడకపోతే ఏమి. నా కుడి కంటికి కుడిపక్క కనపడదు, ఎడమ కంటికి ఎడమపక్క కనపడదు. ఆ సంగతి ఈ పిల్లకు తెలియకూడదు, డాక్టరుకు అసలు తెలియకూడదు. పోయినసారి పరీక్ష చేసినప్పటికంటే చూపు తగ్గలేదని కాగితం మీద రావాలి. వస్తే డాక్టరు అవే బిళ్ళలు వాడమంటాడు, నేను బుద్ధిగా తలూపుతాను, ఇంటికి పోతాను, ఎప్పటిలాగే మింగను. బక్రీద్‌కు సానియాకు రెండేళ్ళు నిండుతాయి. అప్పటిదాకా నా పాలు ఆగకూడదు. నాకు కావలసింది అంతే. బయట బెంచీ మీద మా ఆయన అక్బర్ ఉన్నాడు, మా తోడికోడలు షమా ఉంది, షమా ఒళ్ళో సానియా ఉంది. కన్నది షమా. పాలిచ్చింది నేను.

మొదటిసారి జాకెట్టు తడిసినప్పుడు చెమట అనుకున్నాను. మైపాడు గాలికి చెమట పట్టని రోజంటూ ఉందా మాకు! మిషన్ తొక్కుతుంటే రవిక ముందు భాగం చల్లగా తగిలింది, చూసుకుంటే పాలు. పెళ్ళయి నాలుగేళ్ళు, కడుపు లేదు, కాన్పు లేదు, పాలు మాత్రం వచ్చేశాయి. అప్పటికే నెలసరి కూడా తప్పి ఉంది. యా అల్లా, ఎంత పిచ్చి సంతోషం నాది ఆ పూట! వచ్చింది, కడుపొచ్చింది, అనుకుంటూ మిషన్ కింద పడున్న గుడ్డపీలికలన్నీ ఏరి బొంత కుడదామని మూట కట్టాను కూడా. మందుల షాపు నుంచి తెచ్చిన పట్టీ మీద ఒక్క గీతే పడింది. రెండో గీత కోసం ఎండలో పెట్టి చూశాను, నీడలో పెట్టి చూశాను. పడలేదు. అత్తమ్మకు చెప్తే ఆమె ముందు తలుపు గడియ పెట్టింది. "బిడ్డ లేని దానికి పాలేంది? నోరు మూసుకోని ఉండు. ఊళ్ళో తెలిస్తే ఎవురితో ఏమి చేసి పడేసుకునిందో అంటారు. నీ మొగుడిక్కూడా చెప్పబాక" అంది. ఆమె చెడ్డది కాదు, నా పరువు కాపాడాననే అనుకుంది. పాత తెల్లపంచె చింపి మడతలు పెట్టి నాకిచ్చింది, అవి జాకెట్లో పెట్టుకోమని. ఏళ్ళ తరబడి అవే ఉతుక్కుని, ఎవరూ చూడకుండా దండెం మీద చీర కింద ఆరేసుకుని, మళ్ళీ అవే పెట్టుకున్నాను.

టిక్కు. నొక్కాను. టిక్కు. నొక్కాను. ఆ నెల్లూరు లేడీడాక్టరు గది కూడా ఇంతే చల్లగా ఉండేది. పిల్లల కోసమని అత్తమ్మ తీసుకుపోయింది, ఏడాది ముందు కాదు, ఎప్పుడో, నాకు ఇంకా వయసున్నప్పుడు. ఆ డాక్టరమ్మ పద్ధతైన మనిషి. అన్నీ ఒక్కొక్కటే అడుగుతూ వచ్చింది. నెలసరి సరిగ్గా వస్తుందా, తలనొప్పి ఉందా, కళ్ళు మసకేస్తాయా. తర్వాత మామూలుగా, ఉప్పు తక్కువైందా అని అడిగినట్టు, "రొమ్ముల్లోంచి పాలేమన్నా వస్తాయామ్మా?" అంది. నేను నోరు తెరిచే లోపలే అత్తమ్మ "తోబా తోబా! మర్యాదస్తుల కొంప మాది, అట్లాంటివేమీ లేవమ్మా" అంది. మర్యాదకూ పాలకూ ఏమిటమ్మా సంబంధం! డాక్టరమ్మ అత్తమ్మను కాదు, నన్నే చూసింది. కలం పట్టుకుని ఆగింది. ఆ ఆగిన కాసేపట్లో నేను ఒక్కసారి తలూపి ఉంటే చాలు. జాకెట్లో మడత అప్పటికే నానిపోయి ఉంది, అది బురఖా దాకా తెలుస్తుందేమోనని చేతులు కట్టుకుని కూర్చున్నాను గానీ నోరు మెదపలేదు. ఆమె రాసుకుంది. బలానికి టానిక్కు రాసి మమ్మల్ని పంపేసింది. ఇప్పుడు అత్తమ్మ లేదు, పోయిన చలికాలం మట్టి చేశాం. కోపం పెట్టుకుందామన్నా మనిషి లేదు. దొరికిందల్లా నా నోరే, దాన్ని ఎంత తిట్టుకున్నా ఏం లాభం.

"అక్కా, ఆగు ఆగు" అంటూ పుష్పకుమారి మిషన్ ఆపింది. "లైటు పడనప్పుడు కూడా నొక్కతా ఉండావే. మధ్య మధ్యలో ఉత్తినే చప్పుడు చేస్తాదక్కా ఇది, లైటు వెయ్యదు. దొంగ నొక్కుళ్ళు కనిపెట్టేదానికి." ఓసి నీ మిషన్ పాడుగాను! "చెయ్యి వణికిందమ్మా" అన్నాను. "ఫర్లేదు, కనపడితేనే నొక్కు. కనపడకపోతే తప్పేమీ లేదు గదా" అంది. తప్పేమీ లేదట. ఎంత సుళువుగా అనేసింది ఈ పిల్ల. నా చెవులు వేడెక్కిపోయాయి. ఈ వయసులో కాపీ కొట్టి దొరికిపోయినట్టు. మళ్ళీ మొదలుపెట్టింది. ఇక చప్పుడును నమ్మడానికి లేదు. చుక్కను చూస్తున్నాను. చుక్క కూడా నన్నే చూస్తోంది. ఎడమపక్క ఒకటి, నొక్కాను. కుడిపక్క ఏమో, అల్లాకే తెలియాలి, అప్పుడొకటి అప్పుడొకటి గుడ్డిగా నొక్కుతున్నాను.

సానియా పుట్టినప్పుడు షమాకు కాన్పు బల్ల మీదే ఫిట్స్ వచ్చాయి. నెల్లూరు పెద్దాసుపత్రిలో ఆమె గొట్టాల మధ్య పడి ఉంటే బిడ్డను గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టారు. మా మరిది అర్మాన్ డబ్బాపాలు తెచ్చాడు, మూడు రకాలు మార్చాడు. తాగదు. స్పూను తగిలితే చాలు, నీలంగా అయ్యేదాకా ఏడుస్తుంది. అది ఏడుస్తుంటే నా మడతలు నానిపోయి, జాకెట్టు నానిపోయి, చీర కూడా తడిసింది. ఎవరికని దాచను ఇంక? తలుపు వేసుకుని రొమ్ము నోటికిచ్చాను. అబ్బ, ఎంత గట్టిగా పట్టుకుందో! అంత చిన్న నోటికి అంత బలమా అనిపించింది. గుటక పడుతుంటే చప్పుడు వినపడింది. దొంగసొమ్ములా ఇన్నేళ్ళు గుడ్డల్లో దాచిపెట్టింది ఒక బిడ్డ పొట్టలోకి పోతోంది. నేను ఏడ్చాను, బాగా ఏడ్చాను, సిగ్గుపడకుండా ఏడ్చాను. అత్తమ్మ తలుపు తోసుకుని వచ్చి చూసింది. ఏళ్ళ కిందట నోరు మూసుకోమన్న ఆ మనిషే బయటికి పోయి, బిడ్డ ఏడుపు వినేసరికి నా పెద్ద కోడలికి పాలు పడ్డాయి, అల్లా పంపించాడు, అని వీధంతా చెప్పింది. నేను కాదనలేదు. కాదనాలని కూడా తోచలేదు, నిజంగానే అందుకోసమే వచ్చాయేమో, ఇన్నేళ్ళూ దీనికోసమే కాచుకుని ఉన్నాయేమో అనిపించింది.

ఇక చూడాలి నా వైభోగం! గొడ్రాలు ఎదురొచ్చిందని పెళ్ళిపనులకు పోయేటప్పుడు నన్ను చూసి ఆగి నిలబడినవాళ్ళే, శుక్రవారం పూట పిల్లల్ని ఎత్తుకుని వచ్చేవాళ్ళు, తల మీద చెయ్యి పెట్టమని. మైపాడు పట్టపుపాలెం నుంచి పోలేరమ్మ అని చేపలమ్మే మనిషి, మనవడికి పాలు సరిపోవడం లేదని కోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది, నన్ను ముట్టుకుంటే పడతాయని. వంజరం చేపలు కూడా తెచ్చింది, నేను వద్దంటే అలిగింది. మసీదు హజ్రత్ గారు అక్బర్‌ను పిలిచి చెప్పారట, పాలు తాగిన బిడ్డకు మీ భార్య తల్లే అవుతుంది, కన్నతల్లి ఎట్లాగో పాలతల్లి అట్లాగే, రెండేళ్ళు నిండేదాకా తాపించడం పూర్తి తాపించడం అని. పూర్తి. ఆ మాట నా చెవిలో అట్లాగే నిలిచిపోయింది. నా బతుకులో పూర్తి అయింది ఏముంది? మధ్యలో మానేసిన చదువు, రాని కడుపు. ఒక్కటి పూర్తి చెయ్యాలి అనుకున్నాను. ఆ రెండేళ్ళలో ఒక్క పూట తక్కువైనా నా తల్లితనం తగ్గిపోతుందని మనసులో ముడివేసుకుని కూర్చున్నాను. హజ్రత్ గారు అట్లా అనలేదు. అట్లా విన్నది నేనే.

చూపు పోతోందని తెలిస్తే కదా! ఎదురుగా ఉన్నది శుభ్రంగా కనపడుతుంది, సూదిలో దారం ఎక్కించగలను, ఇంకేం కావాలి? పక్కన పోయేవాళ్ళు మాత్రం పలకరిస్తే తప్ప తెలిసేవాళ్ళు కాదు. పాల బీబీ అయినప్పటినుంచీ బీజాన్‌కు కళ్ళు నెత్తికెక్కాయి, పక్కనే పోతున్నా చూడదు, అని ఇరుగుపొరుగు సణిగారు. సణగరా మరి. గుమ్మాలకు భుజాలు కొట్టుకునేదాన్ని, తలనొప్పికి అమృతాంజనం పూసుకునేదాన్ని. తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యల గుంటల మీద నీళ్ళకు గాలి కొట్టే చక్రాల మోటార్లు బాగుచేస్తాడు అక్బర్, గుంటలకు దగ్గరని అక్కడే మా ఇల్లు. మధ్యాహ్నం అన్నం తీసుకుపోతూ సానియాను కట్ట మీద నడిపించాను, నా కుడిపక్కన. వేలు పట్టుకునే ఉందనుకున్నాను. ఎప్పుడు వదిలిందో, ఎప్పుడు జారిందో. నాకు వినపడింది అక్బర్ కేక. చూస్తే మోకాళ్ళ లోతు నీళ్ళలోంచి బిడ్డను ఎత్తుతున్నాడు, దాని నోట్లో బురద, చేతిలో ఇంకా నా చీర దారం పోగు. "పక్కనే గదా ఉండావు, కనపళ్ళా?" అన్నాడు. కనపడలేదు. నిజంగా కనపడలేదు. ఆ రాత్రే కళ్ళజోడు కావాలేమో అనుకున్నాడు, మర్నాడు నెల్లూరు తీసుకుపోయాడు.

కళ్ళడాక్టరు తలకు స్కానింగు రాస్తే, స్కానింగు చూసి ఇంకో పెద్ద డాక్టరు దగ్గరికి పంపారు, పద్మనాభయ్య గారని, గ్రంథుల డాక్టరు. ఆయన బల్ల మీద తెల్లకాగితం పెట్టి బొమ్మ వేసి చూపించాడు. కళ్ళ వెనక, తల మధ్యలో, బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుందట. బాలింతకు పాలు పడాలంటే హార్మోను పంపేది అదేనట. నాకు దాని మీద గడ్డ పుట్టి, బిడ్డ ఉన్నా లేకపోయినా అదే హార్మోను అదే పనిగా కుమ్మరిస్తోందట. అందుకే పాలు, అందుకే నెలసరి ఆగింది, అందుకే కడుపు రాలేదు. ఆ గడ్డ పెరిగి పెరిగి కళ్ళనరాలను నొక్కుతోంది. "పాలు ఎప్పటినుంచి వస్తున్నాయమ్మా?" అని అడిగాడు. ఈసారి నా తరఫున మాట్లాడడానికి అత్తమ్మ లేదు. చెప్పాను. ఆయన కలం కింద పెట్టేశాడు. "అప్పుడే ఒక రక్తపరీక్ష చేసుంటే తెలిసిపోయేదమ్మా. చిన్న బిళ్ళ, వారానికి రెండు. పిల్లలు కూడా పుట్టి ఉండేవాళ్ళు" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. నేను గోడ మీద గడియారం చూస్తూ కూర్చున్నాను. పిల్లలు కూడా. అంటే ఒకరు కాదు. వాళ్ళకు పేర్లు పెట్టకూడదని ఆ రోజునుంచి ఎంత బిగబట్టుకున్నానో నాకు తెలుసు. అల్లా పంపాడనుకున్నది గడ్డ పంపింది. పుట్టవలసిన నా బిడ్డల్ని పుట్టనివ్వని పాలే సానియాను బతికించాయి. దీన్ని తిట్టాలా, దీనికి దణ్ణం పెట్టాలా, చెప్పండి ఎవరైనా. ముందే బిళ్ళ మింగి ఉంటే నాకు పిల్లలుండేవాళ్ళు, సానియా ఉండేది కాదేమో. ఇక్కడికి వచ్చేసరికి నా తల ఆగిపోతుంది, ఎన్నిసార్లు ఆలోచించినా ఇక్కడే ఆగిపోతుంది.

బిళ్ళలు మొదలుపెడితే పాలు ఆగుతాయన్నాడు డాక్టరు. రెండేళ్ళు నిండేదాకా ఆగకూడదా సార్ అంటే, కళ్ళు ఆగవమ్మా అన్నాడు. అప్పటికే షమా కోలుకుంది. అర్మాన్‌కు మనుబోలు దగ్గర హైవే మీద టైర్ల షాపులో పని కుదిరింది, ఇల్లు కూడా చూసుకున్నాడు. షమా బిడ్డను పక్కలో వేసుకుని చూసింది ఒకటి రెండు రాత్రులు. అది పాల కోసం గుక్కపెట్టి నా దగ్గరికే వచ్చింది. పాలు ఉన్నన్నాళ్ళే నా దగ్గర, ఆగిన మర్నాడు మనుబోలు బస్సెక్కుతుంది, ఇది నా లెక్క. ఎవరూ నాతో ఆ మాట అనలేదు. నేనే అనుకుని, నేనే నమ్మి, ఇచ్చిన బిళ్ళల్ని ఒక్కొక్కటే కుట్టుమిషన్ సొరుగులో తెల్ల గుండీల మధ్య పడేశాను. గుండీల్లో గుండీలా కలిసిపోయాయి. పాలు ఇంకా ఆగలేదేమని అక్బర్ అడిగితే, మెల్లగా ఆగుతాయట అన్నాను. బక్రీద్ ఎంతసేపు, వచ్చేస్తుంది, తర్వాత మింగుతాను, అనుకున్నాను. రంజాన్ నెలంతా తల పగిలిపోయింది. పాలిచ్చే తల్లికి రోజా ఉపవాసం నుంచి మినహాయింపు ఉందని అందరూ చెప్పినా ఉన్నాను, ఈ మొండితనానికి పరిహారంగా.

"ఇంక ఈ కన్ను అయిపోయిందక్కా" అంటూ పుష్పకుమారి దూది తీసి కుడి కంటికి అంటించింది. అప్పుడే బయట సానియా ఏడుపు. ఆకలి ఏడుపు కాదు, విసుగు ఏడుపు, నాకు తెలుసు. అయినా పాలకు తెలియదు గదా ఆ తేడా. జివ్వుమని దిగాయి, మడతలు నానాయి, చేతిలో బటన్ పెట్టుకుని చెంగు ఒత్తుకున్నాను. "బిడ్డ గలాటా చేస్తావుంది, తలుపు వేసేదా?" అంది ఆ పిల్ల. వేసినట్టుంది. వేసే లోపలే సానియా లోపలికి దూరినట్టుంది. ఎందుకంటే చుక్కను చూస్తూ ఉన్న నాకు మోకాలి మీద చిన్న చెయ్యి పడింది, తడిగా, బిస్కెట్టు పిండితో. ఉలిక్కిపడ్డాను. ఎటునుంచి వచ్చింది? ఎప్పుడు వచ్చింది? ఎడమపక్క చెంప దగ్గరే దాని ఊపిరి తగులుతోంది, "అమ్మీ" అంటోంది, ఇంత దగ్గర, అయినా కనపడలేదు. లేదు అంటే లేదు, అక్కడ గదే లేదు. గుంట గట్టు మీద కూడా ఇట్లాగే కదా, "అమ్మీ" అనే ఉంటుంది, నీళ్ళలోకి పోయే ముందు. షమా పరుగున వచ్చి ఎత్తుకుపోయింది. నేను చుక్క మీద చూపు తీయలేదు గానీ చుక్క చెదిరిపోయింది కన్నీళ్ళకు. "తుడుచుకో అక్కా, మళ్ళీ మొదలుపెడతాను" అంది పుష్పకుమారి. తుడుచుకున్నాను. ఈ కంటికి మాత్రం కనపడితేనే నొక్కాను. కనపడకపోతే ఊరుకున్నాను. ఊరుకున్న సేపు ఎంత పొడుగుందో! మిషన్ టిక్కు టిక్కుమని అడుగుతూనే ఉంది, నా బొటనవేలు బటన్ మీద అట్లాగే ఉంది. ఇంత పోయిందా, ఇంతా పోయిందా అనుకున్నాను. చాలాసేపటికి కుడివైపు ఒకటి మెరిస్తే పండగలా అనిపించింది.

డాక్టరు పద్మనాభయ్య గారు పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టుకున్నాడు. చదవాల్సిన పని లేకుండానే తెలుస్తోంది, కొత్తదాంట్లో నలుపు మధ్యదాకా వచ్చేసింది. "కుడి కన్ను సరిగ్గా చెయ్యలేదు గానీ, ఎడమ కన్ను చాలు. బిళ్ళ పని చెయ్యడం లేదమ్మా. ఈ రకం గడ్డ మామూలుగా కరుగుతుంది. కరగలేదంటే ఆపరేషనే, మద్రాసు పోవాల్సి ఉంటుంది" అన్నాడు. అక్బర్ మొహం పాలిపోయింది. ఎంతవుతుంది సార్, ప్రాణానికి ఏమీ లేదు గదా సార్, అంటూ తడబడుతున్నాడు. ఇక దాచి ఏం లాభం. "బిళ్ళది తప్పు కాదు సార్. నేను మింగలా. ఒక్కటి కూడా మింగలా" అన్నాను. డాక్టరు అరుస్తాడనుకున్నాను, అరవలేదు. అక్బర్ నా వైపు తిరిగి, చిన్నగా, "మంచినీళ్ళ గ్లాసు ప్రతిసారీ నేనే తెచ్చిస్తిని గదే బీజాన్" అన్నాడు. తెచ్చాడు. చేతికిచ్చి, దేవుడి దయ అని బయటికి పోయేవాడు, మింగేది చూడడం కూడా అనుమానించినట్టవుతుందని. కొట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. డాక్టరు కొత్త చీటీ రాస్తూ, "ఇవ్వాళ్టినుంచే మొదలుపెట్టండి. పోయిన చూపులో కొంత వెనక్కి రావచ్చు. అంతా వస్తుందని నేను చెప్పను. ఇంక బిడ్డకు పాలివ్వకూడదు" అన్నాడు.

వరండా బెంచీ మీద షమా సానియాను భుజాన వేసుకుని జోకొడుతోంది. అక్బర్ మందుల కోసం కిందికి పోయాడు. "ఎందుకక్కా అట్లా చేసినావు?" అంది షమా, లోపలి మాటలు వినపడ్డాయి కాబోలు. "పాలు ఆగిపోతే నువ్వు దాన్ని మనుబోలుకు తీసకపోతావని" అన్నాను. పైకి అనేసరికి ఎంత చిన్న మాటగా ఉందో. షమా జోకొట్టడం ఆపేసింది. "నేను తీసకపోనని రంజాన్ నెల్లోనే చెప్పినానక్కా ఆయనకు. పోట్లాడినా కూడా. దానికి ప్రాణం పోసింది అక్క, అక్క దగ్గరే పెరగనీ, నేనే వచ్చిపోతా ఉంటానని చెప్పినా." "నాతో ఒక్క మాట చెప్పలేదే షమా." "నువ్వు అడగలా. నేనుగా చెప్తే, కన్నతల్లే బిడ్డను వదిలించుకుంటా ఉందని అనుకుంటావేమోనని భయపడితిని" అంది. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, ఒకే బిడ్డకు ఇటు నేను, అటు ఆమె అన్నం పెడుతూ, ఇద్దరం నోళ్ళు కుట్టుకుని కూర్చున్నాం. షమా కళ్ళు తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడెట్లా వదిలేదక్కా?" అంది. "చుట్టూ రొయ్యల గుంటలు. బిడ్డ పక్కన ఉంటే నీకు కనపడదాయె. నా మీద కోపగించుకోబాక. నీ దగ్గర ఎట్లా వదిలిపెట్టేది, నువ్వే చెప్పు" అంది. ఆమె స్థానంలో నేనుంటే నేనూ వదలను.

అక్బర్ బిళ్ళలు తెచ్చాడు, క్యాన్లో నీళ్ళు పట్టుకొచ్చాడు. సానియా షమా భుజం మీద నిద్రపోయింది, నోరు తెరుచుకుని, మెడ దగ్గర చెమటతో. రొమ్ములు బరువుగా సలుపుతున్నాయి. "లేపేదా అక్కా? ఒక్కసారి ఇస్తావా?" అని షమా అడిగింది. ఇవ్వాలని ఒళ్ళంతా అరిచింది. "వద్దు, పడుకోనీ" అన్నాను. బిళ్ళ నాలుక మీద వేసుకున్నాను. ఈసారి అక్బర్ బయటికి పోలేదు, నేను గుటక వేసేదాకా నా గొంతు చూస్తూ నిలబడ్డాడు. షమా వచ్చి నా కుడిపక్కన కూర్చుంది. కూర్చుందని బెంచీ ఊగితే తెలిసింది, బిడ్డ ఊపిరి వినపడితే తెలిసింది. "పక్కన వద్దు షమా" అన్నాను. "దాన్ని ఎత్తుకోని నా ఎదురుగా వచ్చి నిలబడు. చూసుకుంటా."